మెరుపు బుడతడి రెండో గొంతు

మెరుపు బుడతడి సీరియల్ మొత్తాన్ని డిస్కుల పెట్టెగా విడుదల చేస్తున్నారని తెలిసిన రోజున, ఆ అక్కచెల్లెళ్ళిద్దరిలో అక్క కాళ్ళు నేల మీద ఆనలేదు. టీవీలో ఆ బొమ్మల సీరియల్ నడిచినన్నాళ్ళూ ఆ పిల్ల వీరుడికి గొంతు ఆమెదే. వాడు మేడల మీంచి దూకినా, రాక్షస యంత్రాన్ని తన్నినా, "వచ్చేశా, కాచుకో!" అని అరిచినా అంతా ఆమే. మగపిల్లల పాత్రలకి ఆడవాళ్ళచేత చెప్పించడం డబ్బింగులో మామూలే. ఆ తర్వాత మెడలో గ్రంథికి ఆపరేషన్ జరిగి గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు అదే స్టూడియోలో, బొమ్మల పెదాల కదలికకి సరిపోయేలా మాటలు రాసే పని చేస్తోంది. గొంతు పోతే పోయింది, పెట్టెలో అయినా తను మిగులుతుంది కదా అనుకుంది.

అంతలో కబురొచ్చింది. ఒక భాగంలో ఆమె టేపు పాడైందట. మిగతావాళ్ళ గొంతులు వేరే టేపుల్లో ఉండి బతికిపోయాయి. బుడతడి మాటలే కొన్ని శుభ్రంగా ఉన్నాయి, కొన్ని గరగరమంటున్నాయి. పాడైనవి మళ్ళీ చెప్పించి పాతవాటి మధ్య అతికించాలి.

"మీరే ఒకసారి చెప్పి చూడండి మేడమ్," అన్నాడు సౌండ్ ఇంజనీరు, మర్యాద కోసం.

ఆమె మైకు ముందు నిలబడి అరిచింది. అద్దం అవతల ఆయన ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాడు.

"బుడతడి తాత అరిచినట్టుందా?" అని తనే అడిగేసింది. ఆయన మైకు మీట కట్టేశాడు.

ఈ సంగతి ఇంటికెళ్ళి చెప్పుకోవడమే ఆమె చేసిన తెలివితక్కువ పని. చెల్లెలు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. తింటున్న చెయ్యి ఆపి, "ఏ భాగమే అక్కా? బుడతడి శక్తులన్నీ పోయి నిచ్చెన ఎక్కలేక ఏడుస్తాడే, అదా?" అంది. ఉన్నపళాన గొంతు మార్చి, "నాకు ఎగరడం రాదు... అయినా పైకొస్తున్నా!" అనేసింది.

వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. "పెద్దదానా! నీ గొంతు బాగైపోయిందే!"

అక్క కంచం పక్కకి నెట్టింది. ఒకప్పుడు తను అద్దం ముందు సాధన చేస్తుంటే, చెల్లెలు తలుపు చాటున వెక్కిరిస్తూ నేర్చిన విద్య అది. సాధన చేసినదానికి బొంగురు మిగిలింది. వెక్కిరించినదానికి గొంతు మిగిలింది.

"ఇంకేం, దీన్ని తీసుకెళ్ళు," అంది అమ్మ. "ఇంట్లో మనిషే ఉండగా వాళ్ళు బయట వెతుక్కోవడమెందుకు?"

"దానికి మైకంటే ఏమిటో తెలుసా?"

"నీకు మాత్రం పుట్టగానే తెలుసా ఏమిటి?"

అమ్మ మాటకి ఎదురు చెప్పడం ఆమెకి ఏనాడూ చేతకాదు. చెల్లెల్ని వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్ళింది. దారి పొడుగునా, మైకు ముందు దీని నోరు ఎండిపోవాలని కోరుకుంది.

ఎండలేదు. గోడలకి స్పాంజి అతికించిన ఆ ఇరుకు గదిలో చెల్లెలు సొంతింట్లో ఉన్నట్టు నిలబడింది. మొదటిసారికే బొమ్మ పెదాలకి మాట పట్టేసింది. ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలి, "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్లేదండీ!" అన్నాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు పళ్ళు దాటి లోపలికి పోలేదు.

"అక్కా, సరిగ్గా పడిందా?" హెడ్‌ఫోన్ తీసి అడిగింది చెల్లెలు.

"సారు చెప్పారుగా. మధ్యలో నేనెవర్ని?"

పని అయ్యాక ఇంజనీరు అన్నీ అతికించి, అక్క వైపు తిరిగాడు. "చివరి మాట మీది. అతుకు తెలుస్తోందంటే చెప్పండి. అప్పుడు ఈ భాగం లేకుండానే పెట్టె తెస్తామన్నారు కంపెనీవాళ్ళు. తెలియకపోతే మాత్రం అట్ట మీద మీ ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేస్తారు."

పక్కపక్కన! అన్నేళ్ళు అరిచి అరిచి గొంతు అరగదీసుకున్నది ఒకరు, ఒక్క పూట వచ్చి నిలబడ్డది ఒకరు. ఉంటే తన గొంతే ఉండాలి, లేదా ఆ భాగమే ఉండకూడదు. అక్క మనసులో నిశ్చయించేసుకుని చెవులు రిక్కించింది.

బొమ్మ కదిలింది. బుడతడు పడ్డాడు, లేచాడు, రొప్పాడు. ఏది తనదో ఏది కాదో అక్కకి తెలియలేదు. ఇంతలో వాడు నిచ్చెన పట్టుకుని, "నాకు ఎగరడం రాదు..." అన్నాడు. ఇంట్లో చెల్లెలు అన్న మాటే.

"ఆపండి! ఇదిగో, ఇక్కడ!" అక్క లేచి నిలబడింది. "ఏడుపు గొంతులోనే ఉంది, కడుపులోంచి రాలేదు. ఎంత పల్చగా ఉందో చూడండి. కళ్ళజోడు బేరం కుదరక ఏడ్చినట్టుంది. నేనైతే ఇలా చెబుతానా?"

ఇంజనీరు తెర వైపు చూసి చెవి గోక్కున్నాడు.

"అక్కా," అంది చెల్లెలు మెల్లగా, "అది పాడవ్వలేదట. నేను చెప్పలేదు. అది నువ్వే."

తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది అక్కకి.

ఇంజనీరుకి మాత్రం పనే ముఖ్యం. "మీరన్నది నిజమే మేడమ్, కాస్త పల్చగానే ఉంది. చెల్లెలుగారు ఇక్కడే ఉన్నారుగా, ఇదీ చెప్పించేద్దామా?"

"నేను చెప్పను," అంది చెల్లెలు గబుక్కున. "అది నాకు రాదు."

వచ్చని అక్కకి తెలుసు. అమ్మని వంటింట్లోంచి పరుగెత్తించిన మాట రాకపోవడమేమిటి? చెల్లెలి గొంతుని ఎలాగో భరించవచ్చుగానీ, ఈ జాలిని ఎక్కడ పెట్టుకోవాలి?

"నా మీద దయ తలచకే," అంది. ఇంజనీరు వైపు తిరిగింది. "బాగోలేదు. నిజంగానే బాగోలేదు. అయినా అది నాది. దాన్ని ముట్టుకోవద్దు."

"సరే. మరి మిగతావి? అతుకు తెలుస్తోందా?"

తెలుస్తోంది అంటే చాలు, ఈ పూట జరిగిందంతా చెత్తబుట్టలోకి పోతుంది. దాంతోపాటు ఆ పల్చటి ఏడుపూ పోతుంది.

"తెలియట్లేదు," అంది అక్క చివరికి, పన్ను పీకించుకుంటున్నట్టు మొహం పెట్టి. "ఉంచెయ్యండి. పేర్లు మాత్రం పక్కపక్కన కాదు, కిందా మీదా వెయ్యమనండి. మీదది నాది."

మెట్లు దిగుతుంటే చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. "పెట్టె వచ్చాక కలిసి చూద్దామా?"

"చూద్దాం. నీ మాటలు వచ్చినప్పుడు నేను లేచి అవతలికి పోతా."

"నావేవో నీకెలా తెలుస్తుంది?"

అక్క చెయ్యి విడిపించుకుని, కనీసం వీధిలోకైనా తనే ముందు అడుగు పెట్టాలన్నట్టు గబగబా దిగిపోయింది.