వియ్యంకుడి గ్లాసు అంచు

వియ్యంకుడు పెళ్లిలో పెట్టిన స్టీలు గ్లాసు అసలుదా, నకిలీదా? కూతురి పెళ్లి నాటి నుంచీ నిమ్మరసం అమ్మే ఆయనకి ఇదే అనుమానం. రోజూ దేవుడికి దీపం పెట్టి, అదే గ్లాసుతో నీళ్లు తాగేవాడు. నీళ్లు చల్లగా గొంతు దిగేవి, అనుమానం మాత్రం దిగేది కాదు.

దీనికంతటికీ కారణం ఆయన జేబులోని అయస్కాంతం. పాత స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటి బిళ్ల. మంచి స్టీలుకి అయస్కాంతం అంటదని ఎవరో చెప్పారు. అంతే, ఆయనకి అదే వేదమైపోయింది. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు పళ్లేనికి అయస్కాంతం ఆనించాలి, తరవాతే అన్నం. వియ్యంకుడి గ్లాసుకి ఆనిస్తే నడుము దగ్గర అంటలేదు గానీ, అంచు దగ్గర సన్నగా, సిగ్గుపడుతున్నట్టు అంటుకుంది.

తమాషా ఏమిటంటే, ఆ అయస్కాంతం వియ్యంకుడిదే. ఆయన స్టీలు తొట్లు చేసే మేస్త్రి. పెళ్లి మాటలకి ఆయన షెడ్డుకి వెళ్లినప్పుడు "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి బావగారూ" అని ఈయన తీసుకుని, మాటల సందడిలో జేబులో వేసుకొచ్చేశాడు. తిరిగిచ్చేద్దామనుకునే లోపలే గ్లాసు గొడవ వచ్చిపడింది. ఇప్పుడు ఇస్తే, ఇన్నాళ్లూ దీంతో ఏం చేశారని అడిగితే?

ఇంటి వెనక గదిలో ఉప్పు వేసిన నిమ్మరసం సీసాలకి పట్టి అమ్మడం ఆయన పని. రసం నిలవుంచే పాత స్టీలు తొట్టి అడుగున తుప్పు చుక్కలు లేచి, రసం మట్టిరంగుకి తిరిగింది. కొట్లవాళ్లు సరుకు వెనక్కి పంపేశారు. ఇక కొత్త తొట్టి ఒక్కటే చేయించుకోగలడు. అది కూడా తుప్పు పడితే గదికి తాళమే.

కొత్త తొట్టికి నమూనాగా బజారు వ్యాపారి ఒక రేకు ముక్క ఇచ్చాడు. దాని మీద పెట్టిన అయస్కాంతం జారి కిందపడింది. ఆహా, ఏం స్టీలు! వియ్యంకుడు కూడా ఒక ముక్క పంపాడు, మధ్యలో వెల్డింగు గీత ఉన్నది. ఆ గీత మీద అయస్కాంతం మెల్లగా అతుక్కుంది.

"చూశావా? బావగారు మళ్లీ మనకి నకిలీది అంటగట్టాడు!" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

"ఊరుకోండి, అమ్మాయి చెవిన పడితే బాగోదు. మీరు తొట్టిలో పోసేది నిమ్మరసమా, అయస్కాంతాలా? రసంలోనే వేసి చూడండి."

రెండు గాజు సీసాల్లో ఉప్పు నిమ్మరసం పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క వేసి, ఎండ తగిలే కిటికీలో పెట్టారు. ఇక పొద్దున్నే దేవుడికొక దండం, సీసాలకొక దండం. "స్వామీ, నిజం బయటపెట్టు. ఆ నిజం కాస్త వియ్యంకుడి వైపు ఉండేలా చూడు" అని వేడుకునేవాడు. అలా అడగొచ్చో లేదో ఆయనకి తెలియదు.

కొన్నాళ్లకి ఒక ఉదయం భార్య కేక పెట్టింది. "మీ బజారు బంగారానికి ఆటలమ్మ పోసిందండోయ్!"

ముక్క నిండా గోధుమరంగు చుక్కలు. వియ్యంకుడి ముక్క మాత్రం, వెల్డింగు గీతతో సహా, కొత్త అద్దంలా తళతళలాడుతోంది. నిమ్మరసం ఆయన ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి భార్య చెప్పు తొడుక్కుని, రెండు ముక్కలూ పట్టుకుని షెడ్డుకి పరిగెత్తాడు.

"బావగారూ! తొట్టి మీరే చెయ్యాలి!"

"నేను కాకపోతే దర్జీ చేస్తాడా?" అన్నాడు వియ్యంకుడు.

ముక్కలు బల్ల మీద పెట్టడానికి వంగేసరికి, చొక్కా జేబు అక్కడ రేకులు బిగించి పట్టే ఇనప వైసుకి 'టప్'మని అంటుకుపోయింది. ఇక లేవలేడు.

"ఎంత గౌరవమైతే మాత్రం, నా వైసుకి అంత వంగి దండం పెట్టాలా బావగారూ?" అంటూ వియ్యంకుడు జేబులో చెయ్యి పెట్టి, అయస్కాంతాన్ని బలంగా లాగాడు. చేతిలో తన బిళ్ల!

నిమ్మరసం ఆయన నోట గ్లాసు కథంతా దొర్లుకుంటూ వచ్చేసింది. వియ్యంకుడు నవ్వి నవ్వి, నిలబడలేక నేల మీద చతికిలబడ్డాడు.

"అంటుకోకపోతే మంచిదని కాదండీ బాబూ! ఆ బజారు ముక్క టూ నాట్ టూ రకం స్టీలు. నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. అయస్కాంతానికి దొరకదు, ఉప్పుకి దొరికిపోతుంది. మీ గ్లాసు త్రీ నాట్ ఫోర్. మంచినీళ్లకి నిక్షేపం. అంచు వంచేటప్పుడు నలిగిన చోట అయస్కాంతం కాస్త పట్టుకుంటుంది. అతికిన చోటా అంతే."

"మరి నా రసానికి?"

"మీకు పంపింది త్రీ వన్ సిక్స్. ఇందులో మాలిబ్డినం అని ఒకటి కలుపుతారు. ఉప్పు దీన్ని అంత తేలిగ్గా కొరకలేదు. అయినా ఇన్నాళ్లూ నన్ను అడగలేదేం?"

"వియ్యంకుణ్ణి ఎలా అడుగుతానండీ?"

"బిళ్ల మీ జేబులోనే ఉందని నాకు అప్పుడే తెలుసు. నేను మాత్రం వియ్యంకుణ్ణి ఎలా అడుగుతాను?"

ఈసారి ఇద్దరూ నవ్వడం మొదలెట్టారు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నిమ్మరసం ఆయన బిళ్లని ఒకసారి వెనక్కి తీసుకుని, చొక్కాకి తుడిచి, రెండు చేతులతో అందించాడు. వియ్యంకుడు దాన్ని గోడకున్న ఇనప చువ్వ మీద, ఏళ్లుగా ఖాళీగా ఉన్న చోట, 'టప్'మని పెట్టాడు.