రాని రైలుకి దారిచ్చిన మనుషులు

నేను ఒక రైల్వే గేటుని. నన్ను చూడగానే మనుషుల నోట వచ్చే మొదటి మాట "ఛ". రెండో మాట ఇక్కడ రాయలేను. ఇనప గొట్టంగా పుట్టి, ఎరుపూ తెలుపూ రంగులు పూయించుకుని, తాళ్లగుంట దగ్గర రోడ్డూ పట్టాలూ కలిసే చోట నిలబడ్డాను. నాది టౌను వైపు. పట్టాలకు అవతల, పొలాల వైపు, నా జోడీ ఉండేది. ఒక్క మర తిప్పితే ఇద్దరం లేచేవాళ్లం, వెనక్కి తిప్పితే దిగేవాళ్లం. నాకు వచ్చింది ఒకటే మాట. నేను దిగానంటే రైలు వస్తోందని.

మనుషుల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. గేటు పడగానే ఏం జరుగుతుందో మీకూ తెలుసు, మీరూ చేసే ఉంటారు. ముందొచ్చినవాడు ఎడమ పక్కన ఆగుతాడు. వెనకొచ్చినవాడికి అతని వెనక ఆగడం నామోషీ. కుడి సగంలోకి తిప్పి, ముందుకొచ్చి, అతని పక్కన నిలబడి, ఏదో సాధించినట్టు చూస్తాడు. వాడి పక్కన ఇంకొకడు దూరతాడు. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండిపోతుంది. అవతలి పక్కా అచ్చం ఇదే తంతు. రైలు పోయి నేను లేవగానే రెండు మందలూ పట్టాల మీద ఎదురుబొదురుగా నిలబడి హారన్లు కొట్టుకుంటాయి. మందలన్నందుకు గొర్రెలు నన్ను క్షమించాలి. అవి ఇంతకంటే శుభ్రంగా దాటేవి.

మా గేటు దగ్గర సర్కారంటే గేట్‌మన్ ఆదెయ్య. గొప్పవాడనుకునేరు. కంకులమ్మే ఆవిడ దగ్గర రోజూ ఒక కంకి ఊరికే లాక్కునేవాడు. కిళ్లీ నమిలి నా మొదట్లోనే ఉమ్మేవాడు. తనతో గొడవపడ్డవాడు కనపడితే రైలు వెళ్లిపోయాక కూడా మర తిప్పడానికి బద్ధకించేవాడు. అతనన్నా నాకు రోతే.

వీళ్లందరిలో చదువుకున్నవాడు పూర్ణానందం మాస్టారు. టౌను కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి, మధ్యాహ్నం పొలాల వైపున్న ఇంటికి స్కూటరు మీద వెళ్లేవాడు. రోజూ కుడి సగంలో, నా ముక్కుకి తగిలేంత దగ్గరగా ఆగేవాడు. ఆగినంతసేపూ ఆదెయ్యకి పాఠం.

"యూరప్‌లో జ్ఞానోదయ యుగమని ఒకటొచ్చిందోయ్. అందులో ఒకాయన, మనిషి స్వార్థపరుడు, భయపెట్టే రాజ్యం లేకపోతే ఒకణ్ణొకడు పీక్కు తింటాడన్నాడు. ఇంకొకాయన, కాదు, మనిషి పుట్టుకతో మంచివాడు, ఈ వ్యవస్థలే చెడగొట్టాయన్నాడు. నేను రెండో ఆయన పక్షం. ఈ గేటు తీసిపారేసి చూడు, ఎవరి వివేకంతో వాళ్లు ఎంత చక్కగా దాటతారో!"

"అంత మంచోళ్లయితే నాకీ ఉజ్జోగం ఎందుకిచ్చారు మాస్టారూ?" అనేవాడు ఆదెయ్య, కంకి కొరుకుతూ.

మాస్టారి సిద్ధాంతానికి పరీక్ష ఒక మిరపకోతల రోజున జరిగింది. గూడ్సు బండి నింపాదిగా వెళ్లింది. నేను లేచాను. మామూలుగానే రెండు పక్కలా రోడ్డు నిండా మనుషులు, మామూలుగానే అందరూ పట్టాల మీదికొచ్చి ఇరుక్కున్నారు. అటునుంచి ఒక ఆటో ఎలాగో సందులు చేసుకుని నా ముందుదాకా వచ్చి, సరిగ్గా మాస్టారి స్కూటరుకి ఎదురుగా ఆగిపోయింది. వెనక సీట్లో రవణమ్మ అనే కూలిమనిషి. మిరపచేలో కట్లపాము కరిచింది. అప్పటికే రెప్పలు వాలిపోతున్నాయి. ఆమె భర్త చెంచయ్య కిందికి దూకాడు.

"అయ్యా, నా పెళ్లాన్ని పాము కరిసిందయ్యా. ఆస్పత్రికి పోవాల. కూసింత జరగండయ్యా!"

"అయ్యో పాపం" అన్నారందరూ. పాపం అనడానికి ఎవరూ వెనకాడలేదు. వెనక్కి మాత్రం ఒక్క చక్రం కదల్లేదు.

"నేను జరగనంటున్నానా? నేనొక్కణ్ణి వెనక్కిపోతే ఈ సందులోకి ఇంకోడు దూరతాడు. నీకూ దారుండదు, నాకూ చోటుండదు. ముందు వాళ్లని జరగమను" అన్నాడు మాస్టారు. మోటారుసైకిలువాడూ అదే అన్నాడు. ట్రాక్టరువాడూ అదే అన్నాడు. అసహ్యం ఏమిటంటే, వాళ్లు చెప్పింది నిజమే. మాస్టారు వెనక్కి తీస్తే ఆ చోట్లోకి దూరడానికి ఒకడు అప్పటికే హ్యాండిల్ తిప్పి ఉంచుకున్నాడు. చెంచయ్య ఒక్కొక్కడి కాళ్లూ పట్టుకుంటూ పోయాడు. ఒకడు ఆ దృశ్యాన్ని ఫోన్లో తీస్తున్నాడు. ఆటోలో రవణమ్మ మెడ ఒక పక్కకి వాలిపోయింది.

అప్పుడు ఆదెయ్య కంకి విసిరేసి, గంట మోగించి, మర తిప్పాడు. రైలు లేదు. వస్తుందన్న కబురూ లేదు. నేను సగం దాకా దిగి ఆగాను. అబద్ధం ఆడటం నాకదే మొదలు.

"ఎక్స్‌ప్రెస్సు! ఎక్స్‌ప్రెస్సొస్తంది! లెగండ్రా పట్టాల మీంచి! ఎడమకి దిగండి, ఎడమకి!" ఎర్రజెండా ఊపుకుంటూ మనుషుల మీదికి ఉరికాడు.

ఎంత చక్కగా జరిగారనుకున్నారు! ట్రాక్టరు వెనక్కెళ్లింది. మోటారుసైకిళ్లు కాలవగట్టు ఎక్కాయి. మాస్టారు స్కూటరుని తోసుకుంటూ పరుగెత్తాడు, ఒక చెప్పు పట్టాల్లో వదిలేసి. కళ్ల ముందు చచ్చిపోతున్న మనిషి చేయించలేని పనిని కంటికి కనపడని రైలు చేయించింది. ఖాళీ అయిన సగంలోంచి ఆటో నా కిందుగా దూసుకుపోయింది. రవణమ్మ బతికింది. ఇంకో పావుగంటయితే దక్కేది కాదని డాక్టరు అన్నాడట.

రైలు రాలేదని తేలాక జనానికి కోపం వచ్చింది. అంతసేపూ రాని కోపం. మోసం, దగా, ప్రాణాలతో చెలగాటం అన్నారు. వారం తిరక్కుండానే మాస్టారు అర్జీ రాశాడు, "లేని రైలును ఉన్నదని చెప్పి పౌరులను భయభ్రాంతులకు గురిచేసిన గేట్‌మన్‌పై చర్య తీసుకోవలెను" అని. గేటు పక్కనున్న టీ బంకు బల్ల మీద పెట్టి సంతకాలకు పిలిచాడు. జనం ఒకరి వెనక ఒకరు, తోపులాట లేకుండా నిలబడ్డారు. ఆ గేటు దగ్గర నేను చూసిన మొదటి వరుస అదే.

పైవాళ్లు ఆదెయ్యని ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత పట్టాల కింద వంతెన కట్టారు, నన్ను ఊడబెరికి ఈ పాత ఇనుము కొట్లో పడేశారు. వంతెన కింద కూడా ఎదురెదురుగా దూరి ఇరుక్కుంటున్నారని ఇక్కడికొచ్చే లారీవాళ్లు చెప్పుకుంటుంటారు. నాకేం ఆశ్చర్యం లేదు. మాస్టారి మీద కూడా పెద్దగా కోపం లేదు. కానీ ఆ వరుసలో చివర నిలబడ్డవాణ్ణి మాత్రం ఎంత ప్రయత్నించినా జీర్ణించుకోలేకపోతున్నాను.

ఆ రోజు చివర నిలబడ్డవాడు చెంచయ్య. పక్కన రవణమ్మ, కాలికి కట్టుతో. అతని దగ్గర పెన్ను లేకపోతే మాస్టారే తన పెన్ను ఇచ్చాడు.

"ఏం కాయితం మావా అది?"

"ఆదెయ్య మీదంట."

"మనల్ని దాటించినాయన మీదా?"

"ఊరుకోవే. ఊరంతా పెడతంటే మనమొక్కళ్లమే పెట్టకపోతే బాగుండదు."

పెట్టాడు. పెన్ను తిరిగిచ్చి, భార్యని నడిపించుకుంటూ నేరుగా మర దగ్గరికి వచ్చాడు. ఆదెయ్య ముందు వంగి రెండు చేతులూ జోడించాడు. "నీ మేలు ఈ జన్మకి మర్సిపోను బాబూ" అన్నాడు. ఆ మాట అతను నటించలేదు. నిజంగానే ఏడుస్తున్నాడు.