గుండు దించని ఏడాది

మూడోసారి గుండును పైకి లాగి, సబ్బునీళ్లలో ముంచి, చెయ్యి తగలకుండా మళ్లీ సముద్రంలోకి దించాను. నిమ్మకాయంత ఉండే లోహపు గుండు అది. ఓడ అంచుల నుంచి దించిన మూడు నైలాన్ దారాలు దాన్ని ఓడ అడుగున ఉండి, ప్రతిధ్వనితో చేపల్ని లెక్కగట్టే సోనార్‌కి సరిగ్గా కింద వేలాడదీస్తాయి. గుండు నుంచి ఎంత ప్రతిధ్వని రావాలో మాకు ముందే తెలుసు. అంతే వస్తే సోనార్ చెవి బాగున్నట్టు. తెర మీద మళ్లీ సగమే వచ్చింది.

“బుడగలు అంటుకుని ఉంటాయి. ఇంకోసారి కడుగు,” అన్నాడు పెద్దాయన. మా చేపల సర్వే బృందానికి అధిపతి. కాఫీ కప్పు కింద పెట్టకుండానే సలహాలిస్తాడు.

“మూడుసార్లు కడిగాను సార్. ఇంకోసారి కడిగితే గుండు అరిగిపోతుంది.”

“అయితే పోయినేడాది అంకె వేసెయ్. మధ్యాహ్నానికల్లా బయల్దేరాలి.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అంకె ఎక్కడిదో మా ఇద్దరికీ తెలుసు. పోయినేడాది సర్వే నాటికి ఓడ మరమ్మతు నుంచి వచ్చి వారమైంది. గాలి ఎక్కువగా ఉండి గుండు దించలేకపోయాం. “ఏం మారుంటుందిలే” అని అంతకుముందు ఏడాది అంకెనే రాయించాడు. సోనార్ చెవి ఆ మరమ్మతులోనే సగమైపోయిందన్నమాట. ఆ సగం చెవితోనే సముద్రమంతా తిరిగి, చేపలు సగానికి సగం తగ్గిపోయాయని నివేదిక ఇచ్చాం. చిన్న పడవల వేట ఏడాదిపాటు ఆపేశారు. ఇంకో ఏడాది ఆపాలా వద్దా అన్నది ఈ సర్వే చూసే తేలుస్తారు.

ఆ పడవల్లో మా అన్నయ్యది ఒకటి. వేట తప్ప ఇంకో పని ఎరగనివాడు ఇప్పుడు గిడ్డంగిలో పెట్టెలు మోస్తున్నాడు. “చేపలున్నాయే, వల వేసిన చోటల్లా ఉన్నాయి” అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. “మిషను అబద్ధం చెప్తుందా అన్నయ్యా?” అని నేనే నోరు మూయించాను.

“వెయ్యను,” అన్నాను.

“వెయ్యకపోతే పోయినేడాది నివేదిక తప్పని ఒప్పుకున్నట్టే. తెలుస్తోందా?”

“తప్పే కదా!” నా గొంతు డెక్ మీద అందరికీ వినిపించింది. “మీరు ఒక్కరోజు ఆగలేక అంతమంది పొట్ట కొట్టారు సార్!”

పెద్దాయన కప్పు కింద పెట్టాడు. పాత ఫైలు తీసి, ఆ ఏడాది కాగితం నా ముందు పరిచాడు.

“అరవకు. కింద సంతకం ఎవరిదో చూడు.”

చూడక్కర్లేదు. ‘గుండు దించి సరిచూడడమైనది’ అన్న వాక్యం కింద ఉన్నది నా చేతిరాతే. ఆయన పెట్టమన్నాడు, నేను పెట్టాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కోపం మాత్రం చల్లారలేదు, నా మీదికే తిరిగింది. అదే కోపంతో పెన్ను తీసుకుని, ఆ వాక్యం కొట్టేసి, ‘దించలేదు’ అని రాసి, ఇవాళ్టి తేదీతో మళ్లీ సంతకం చేశాను. కొత్త కాగితంలో ఇవాళ గుండు చూపించిన అంకే వేశాను.

రేవు దాటితే ఫోను పనిచేయదు. అక్కడే నిలబడి అన్నయ్యకు చేశాను. వెనక పెట్టెలు దించుతున్న చప్పుడు.

“అన్నయ్యా, పోయినేడాది లెక్క తప్పు. సోనార్‌ని సరిచూడకుండానే సంతకం పెట్టేశారు.”

అన్నయ్య అడిగాడు:

“ఎవడే ఆ వెధవ?”

“నేనే,” అన్నాను.