చుట్టానికి జీతం

వేడి గులకరాళ్ల మీద కాలిన రొట్టెను పైకి లాగినప్పుడు ఒకటో రెండో రాళ్లు అడుగున అంటుకుని వస్తాయి. నుస్రత్ ఆగా వాటిని గోటితో ఠక్కున ఎగరగొట్టి, నువ్వులు రాలకుండా మడిచి, గోల్‌నార్ చేతిలో పెట్టేవాడు. ఆమెతో ఎవరైనా కూర్చుని తినేది రోజు మొత్తంలో ఆ కాసేపే. ఆ కాసేపటి కోసమే ఆమె పొద్దున్నే శ్రద్ధగా జుట్టు దువ్వుకునేది.

భర్త పోయాక షిరాజులో ఇల్లమ్ముకుని లాస్ ఏంజెలెస్ వచ్చి, ఈ రొట్టెల కొట్టు కొనుక్కుంది. పెట్టుబడి పెట్టి ఈ దేశంలో ఉండిపోవాలంటే ఇక్కడ స్థిరపడే హక్కున్న పదిమందికి కొత్తగా పూర్తికాలపు ఉద్యోగాలివ్వాలని షరతు. అందుకే పక్కనున్న లాండ్రీ కొట్టునీ తీసుకుని, మధ్య గోడ పగలగొట్టించి, రెండో పొయ్యి కట్టించింది. తొమ్మిదిమంది కుదిరారు. పదోవాడు కుదిరినట్టే కుదిరి టెక్సాస్ వెళ్లిపోయాడు. నెలాఖరుకి పదిమందినీ చూపించకపోతే తిరుగు ప్రయాణమే. అక్కడ ఇప్పుడు తలుపు తీసేవాళ్లెవరూ లేరు.

చూసిపోదామని వచ్చిన లాయరు పర్వానె, పొయ్యి దగ్గర పెద్దాయన్ని చూసి ఆగింది.

“ఆయనెవరు?”

“నుస్రత్ ఆగా. మేడమీద వాటాలో ఒక్కడే ఉంటాడు. ఈ దేశపు పౌరుడై ఎన్నేళ్లో అయింది. రాళ్లు సరిగ్గా పరచలేదని మొదటిరోజే నన్ను తిట్టి నా చేతిలో పార లాక్కున్నాడు. అప్పట్నుంచి పొద్దంతా ఇక్కడే.”

“పదోమనిషిని పొయ్యి దగ్గర పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావేంటే!”

“జీతం తీసుకోడు. ఎప్పుడివ్వబోయినా, నీ ముందు అదెంత అంటాడు.”

“జీతం తీసుకోనివాడు పనివాడు కాడు తల్లీ, చుట్టం. చుట్టాలు లెక్కలోకి రారు.”

పర్వానె వెళ్లగానే గోల్‌నార్ పొయ్యి దగ్గరకు నడిచింది.

“ఆగా, ఇకమీదట మీరు జీతం తీసుకోవాలి.”

“ఛ, అదేం మాట! నీ టీ చాలు.”

“తీసుకోవాలి.”

“ఈ రొట్టె తిన్నందుకు నువ్వే నాకు నష్టపరిహారం ఇవ్వాలి. ఉప్పేదీ ఇందులో?”

“నవ్వించకండి. తీసుకోండి.”

“తండ్రి వయసువాణ్ణి, కూలివాణ్ణి చేస్తావా?”

మూడుసార్లు వద్దనడం ఇరానీయుల్లో మర్యాద. అది ఉత్త మర్యాదో నిజమో తెలియాలంటే నాలుగోసారి అడగాలి. ఇన్నాళ్లూ ఆమె మూడింటితోనే ఆగిపోయేది. ఈసారి ఆగలేదు.

“మీరు తీసుకోకపోతే నన్ను పంపించేస్తారు, ఆగా.”

ఆయన చేతిలో పార నిలిచిపోయింది. “ముందే చెప్పొద్దూ, పిచ్చిపిల్లా! సంతకం ఎక్కడ?”

ఆ సాయంత్రం గోల్‌నార్ కాళ్లు నేల మీద నిలవలేదు. ఆయన కోసమని బంగారు అంచున్న టీ గ్లాసు కొంది. దాన్ని దీపం ముందు పట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంది.

సోమవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. “సలాం, ఖానుమ్‌గారూ,” అన్నాడు, యజమానురాలిని పలకరించినట్టు.

హాస్యమేమోననుకుని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. నేరుగా పొయ్యి దగ్గరకు వెళ్లాడు. విరామం వేళకు ఆమె కొత్త గ్లాసులో టీ పోసి సాసర్లో పెట్టి, కుర్చీ లాగింది.

“కూర్చోండి ఆగా.”

“యజమాని ఎదుట కూర్చుంటే మిగతావాళ్లేమనుకుంటారు చెప్పండి?”

“మనకా పట్టింపులేంటి?”

“మొన్నటిదాకా చుట్టాన్ని. ఇప్పుడు మీ ఉప్పు తింటున్నాను.”

“ఆ ఉప్పే ఇవాళ కూడా తక్కువైంది. తిట్టరేం?”

“బాగానే ఉందండీ.”

గ్లాసు రెండు చేతులా అందుకుని, పెరట్లో మిగతా తొమ్మిదిమంది దగ్గరకు వెళ్లిపోయాడు. కాసేపటికి ఆయన ఏం చెప్పాడో, అంతా ఘొల్లున నవ్వారు. జీతం మానేయమనే మాట గోల్‌నార్ నోటిదాకా వచ్చింది. మానేస్తే మళ్లీ తొమ్మిదిమందే. ఫోన్ మోగింది. “పదిమందీ లెక్కకు వచ్చారు, ఇక నీకు బెంగ లేదు!” అని పర్వానె కేకలేస్తోంది.

పనివాళ్లలో ఒకామె కాగితంలో చుట్టిన రొట్టె తెచ్చి బల్లమీద పెట్టి వెళ్లింది. గోల్‌నార్ తుంచి నోట్లో పెట్టుకుంది. పంటికింద రాయి కటుక్కుమంది.

తీసి చూసింది. చిన్న గులకరాయి, ఇంకా వెచ్చగానే ఉంది. ఎదుటి ఖాళీ కుర్చీ ముందున్న సాసర్లో దాన్ని చప్పుడు కాకుండా పెట్టి, తన టీ తాను తాగింది.