నక్కను ముట్టుకోలేదు

నాది కుక్కలకు స్నానం చేయించే దుకాణం. పేరుకు స్నానమే గాని, సగం పని చిన్న పట్టకారుతో వాటి నెత్తురు పీల్చే పిడుదులు ఏరి స్పిరిట్ సీసాలో వేయడం. వీధిలో అందరూ నన్ను పిడుదుల పిన్ని అంటారు. ఈ చుట్టుపక్కల పిడుదులు పెరిగాయో తగ్గాయో అందరికన్నా ముందు నాకే తెలుస్తుంది. తెలిసి ఏం లాభం, వినేవాళ్లుండాలి గదా.

దుకాణం వెనకే మా అన్నయ్య కోళ్ల షెడ్డు. నక్కలు కోళ్లను ఎత్తుకుపోతున్నాయని తక్కిన షెడ్లవాళ్లను కూడగట్టి, మాంసంలో మందు పెట్టించాడు. ఆ ఏడు ఒక్క కోడి పోలేదు. నక్కల్ని చంపి నక్కతోక తొక్కాడని అంతా ఆయన్ను ఆకాశానికెత్తేశారు. మరుసటి ఏడు షెడ్ల కింద ఎలుకలు పెచ్చుమీరాయి. ఆపై ఏడు నా సీసా మధ్యాహ్నానికే నిండసాగింది.

"పిల్ల పిడుదులు ముందు ఎలుకల్నే పట్టుకుంటాయి అన్నయ్యా. ఎలుకల్ని తినే నక్కల్నేమో నువ్వు చంపేశావు," అన్నాను.

"నీకు బేరాలు పెరిగాయిగా, ఇంకా ఏంటి నీ ఏడుపు?" అని నవ్వాడు.

ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. షెడ్డు పక్క గడ్డిలో కూర్చుని చదువుకునే ఆయన కూతురు, నా మేనకోడలు, పిడుదు కుట్టి జ్వరంతో మంచం పట్టింది. లేచింది గాని ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తుంది.

ఈ వేసవిలో నా దుకాణం వెనక ఇటుకల కుప్ప కింద ఒక ఆడనక్క పిల్లల్ని పెట్టింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని నాకు ప్రాణం లేచొచ్చింది. వెళ్లి అన్నయ్య చేతులు పట్టుకున్నాను.

"నా ఇటుకల కింద ఈనిన నక్కను మాత్రం ముట్టుకోకు. నాకోసం కాదు, నీ కూతురికోసం."

గుమ్మంలో గోడకానుకుని మేనకోడలు వింటోంది. అన్నయ్య దానివంక చూశాడు. "ముట్టుకోనులే. నాకు మాత్రం బుద్ధి లేదా?" అన్నాడు. నమ్మాను.

నిన్న పొద్దున తలుపు తీసేసరికి మెట్టు పక్కన నక్క చచ్చిపడి ఉంది. ముక్కులోంచి నెత్తురు కారి గడ్డకట్టింది. ఇటుకల కింద పిల్లలు మూలుగుతున్నాయి. కేక వేస్తే అన్నయ్య వచ్చాడు.

"నేను నక్కను ముట్టుకోలేదమ్మా, ఒట్టు. ఇదంతా ఎలుకలవల్లేనని నువ్వేగా అన్నావు? అందుకే అన్ని షెడ్లలోనూ ఎలుకల మందు పెట్టించాను."

ఆయన మొహంలో కపటం లేదు. నాకు ఒళ్లు మండింది అందుకే. ఎలుకలదేముంది, నాలుగు మిగిలినా మళ్లీ ఇల్లంతా నింపుతాయి. మందు తిన్న ఎలుకల్ని తిని నక్క పోయింది.

నక్క ఒళ్లు చల్లబడింది. చెవుల్లోంచి పిడుదులు ఒక్కొక్కటే దిగి అన్నయ్య చెప్పులవైపు పాకుతున్నాయి. ఎక్కనీ, తన ఖర్మ అనుకున్నాను. కాని ఆ చెప్పులు తిన్నగా మేనకోడలున్న ఇంటికే పోతాయి. పట్టకారు తెచ్చి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏరడం మొదలుపెట్టాను.

"ఇంకా కోపమేనా?" అన్నాడు అన్నయ్య.

"కాలు కదపకు," అన్నాను.