మేకుకి తగిలించిన మాస్కు

మా ఆయన మాస్కు తీసి మేకుకి తగిలించి ఆ గదిలోంచి బయటికొచ్చాక, నేను లోపలికి వెళతాను. పన్నెండేళ్ళుగా మేం పని ఇలాగే పంచుకున్నాం. దుమ్ము లేపడం ఆయన వంతు, తుడవడం నా వంతు.

ఆయన పేరు రవిశంకర్. తాడేపల్లిగూడెంలో హైస్కూలు లెక్కల మాస్టారు. సాయంత్రం బడి నుంచి వచ్చి కాఫీ తాగి, పక్క వరండాని మూసి కట్టించుకున్న గదిలో టేకుతో పూజామందిరాలు చేస్తారు. గృహప్రవేశాలకని తణుకు నుంచీ, ఏలూరు నుంచీ కూడా వచ్చి చేయించుకుంటారు. చెక్కపని బాగా చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఈయన మందిరాలకి పేరొచ్చింది నునుపు వల్ల. వార్నిష్ మీద అరచెయ్యి పెట్టి రాస్తే అద్దం మీద రాసినట్టుంటుంది, ఒక్క నలక తగలదు. ఎలా చేస్తారండీ మాస్టారూ అని ఎవరైనా అడిగితే, "ఓపికండి" అంటారు. అబద్ధమేం కాదు. ఎవరి ఓపికో చెప్పరు, అంతే.

ఉప్పుకాగితంతో టేకుని రుద్దితే గోధుమపిండి లాంటి పొడి లేస్తుంది. అది గదిలో ఉండగా వార్నిష్ వేస్తే నలకలన్నీ అంటుకుని, ఆరాక రవ్వ చల్లినట్టు తేలతాయి. ఆయన రుద్దడం పూర్తయ్యేసరికి దీపాలవేళ అవుతుంది. దీపం పెట్టాక ఇంట్లో చీపురు పట్టకూడదంటారు మా అత్తగారు వీరరాఘవమ్మగారు. పోనీ పొద్దున్న ఊడుస్తానంటే, వార్నిష్ ఈ పూటే వెయ్యాలి, తెల్లారేసరికి ఆరాలి అంటారు ఈయన. కొత్తలో ఆ తల్లీకొడుకుల మధ్య ఏం చెయ్యాలో తోచక ఏడుపొచ్చేది. చివరికి దారి నేనే కనిపెట్టాను. చీపురు పట్టకూడదన్నారు గానీ తడిగుడ్డ పట్టకూడదని ఎవరూ అనలేదు కదా. అడిగితే అత్తగారు కాసేపు ఆలోచించి, గుడ్డయితే ఫరవాలేదులే అమ్మాయీ అన్నారు. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫ్యాను వేస్తే పొడి లేస్తుంది. కిటికీ తీస్తే రైసుమిల్లు లారీల దుమ్ము రోడ్డు మీంచి వస్తుంది. అందుకని రెండూ ఉండవు. తలుపు కూడా వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, పైనుంచి కిందికి తుడుచుకుంటూ వస్తాను. గోడలు, బల్ల కాళ్ళు, రంపం పళ్ళు, మేకుల డబ్బాల మూతలు, బల్బు, నేల. బకెట్లో నీళ్ళు మూడుసార్లు మార్చాలి. ఆఖర్న పాత మల్లుగుడ్డ కొంచెం తడిపి మందిరాన్ని తుడుస్తాను, చంటిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు. తలుపు చెక్కిన చోట సందుల్లో పొడి దాక్కుంటుంది, అక్కడ నోటితో మెల్లగా ఊదాలి. ఊదినదంతా మళ్ళీ నా మొహానికే వస్తుంది. ఇదంతా ఎవరూ నేర్పలేదు. ఎక్కడ దాక్కుంటుందో ఆ గదిలో నాకు తెలిసినంతగా ఆయనకి తెలియదు. మాస్కు ఒక్కటే ఉంది. ఓసారి అడిగితే, "రుద్దేది నేను కదా ఉషా, నువ్వు తుడిచేదేగా" అన్నారు. నేనూ సరేననుకున్నాను. అందుకు ఇప్పుడు ఆయన మీద ఎంత కోపమో నా మీదా అంత కోపం.

పోయిన దసరాకి మొదలైన దగ్గు ఉగాదికీ తగ్గలేదు. మిరియాల కషాయాలన్నీ అయ్యాక, సోమవారం ఏలూరులో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. చీటీ రాసే అమ్మాయి ఏం చేస్తారని అడిగింది. "ఏమీ చెయ్యదండి, ఇంట్లోనే ఉంటుంది" అన్నారు మా ఆయన. ఆ అమ్మాయి అదే రాసుకుంది.

డాక్టరు నా వయసావిడే. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, "కలప అడితిలో పనిచేస్తారా అమ్మా?" అని అడిగింది.

మా ఆయన నవ్వి, ఆవిడ ఇల్లు కదలదండి అన్నారు. డాక్టరు మాత్రం నన్నే చూస్తోంది. నేనేం పని చేస్తానని నన్నే అడిగిన మనిషి ఈమధ్య ఇంకెవరూ లేరు.

"టేకు పొడండి. పన్నెండేళ్ళుగా, తలుపులు మూసుకుని తుడుస్తున్నాను."

ఆవిడ రాయడం ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మూసిన గదిలో ఇక ఒక్కరోజు కూడా కుదరదంది. గాలి రావాలి, మాస్కు ఉండాలి, లేకపోతే మానెయ్యాలి, ఇలాగే సాగితే మందులూ పనిచెయ్యవు అని మెల్లగానే చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చున్నాను. గుండుగొలను దగ్గరికొచ్చాక ఊరి పేరు చూసి ఆయనకి గుర్తొచ్చినట్టుంది, "ఈ ఊరి అచ్చాయమ్మగారి మందిరం గురువారం ఇవ్వాలి కదా. ఇదొక్కటీ కానిచ్చేస్తే ఆనక చూద్దాం" అన్నారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. పెంచి ఉంటే ఎదురు చెప్పడం నాకు ఏనాడో వచ్చేదేమో. కిటికీలోంచి చెరువుల మీద గాలి మొహానికి కొడుతుంటే, గట్టిగా పీల్చాను. సగంలోనే దగ్గొచ్చింది.

బుధవారం సాయంత్రం ఆయన రుద్దడం ముగించి మాస్కు మేకుకి తగిలించారు. నేను దాన్ని తీసి, దులిపి, పెట్టుకున్నాను. కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఫ్యాను వేశాను. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు.

"కిటికీ వేసెయ్ ఉషా. వార్నిష్ పాడవుతుంది."

"వెయ్యనండి" అన్నాను. ఆయనతో ఆ మాట అనడం అదే మొదటిసారి. గుడ్డ బకెట్లో ముంచి పిండాను. లారీ ఒకటి వెళ్ళింది, దుమ్ము లోపలికొచ్చింది, రానిచ్చాను. నాకు చేతనైనంత తుడిచి బయటికొచ్చేశాను. ఆ తర్వాత ఆయన కిటికీ మూసుకుని వార్నిష్ వేసుకున్నారు.

గురువారం పొద్దున్నే అచ్చాయమ్మగారు కారులో వచ్చారు. పొలాలున్న మనిషి, దేన్నయినా చేత్తో తడిమి గానీ తీసుకోరు. మందిరం తలుపు మీద అరచెయ్యి రాస్తూ మధ్యలో ఆగారు.

"గరుగ్గా తగుల్తోందేంటండీ మాస్టారూ? మా చెల్లెలికి చేసింది అద్దంలా ఉందే."

మా ఆయన నా వైపు చూశారు. అత్తగారూ చూశారు. "ఈసారి కాస్త దుమ్ము పడిందండి" అన్నారాయన.

నేను కాఫీ గ్లాసు ఆవిడ చేతికిచ్చాను.

"రోజూ పడేదేనండీ. ఇన్నాళ్ళూ నా గుండెల్లో పడేది."