గుమ్మం చెట్లు

ఆ రెండు చెట్లూ ఏప్రిల్లోనే కొట్టించాల్సింది. ఆ మాట ఏప్రిల్లోనే అన్నాను, మేలో మళ్ళీ అన్నాను, జూన్‌లో అరిచాను. మా ఊళ్ళో నా క్షవరం దుకాణంలో తల వంచి కూర్చోని మగాడు లేడు. కుర్చీలో ఉన్నంతసేపూ అందరూ నా మాట వింటారు, లేచి మెడ దులుపుకుంటూ ఆ మాటని కూడా వెంట్రుకలతో పాటు అక్కడే దులిపేసి పోతారు.

మా టర్కీ హాలో పార్కు ఒకప్పుడు బొగ్గు తవ్విన కొండ. గనులు మూతబడ్డాక అడవి తిరిగి మొలిచింది. ఆ అడవిలో దారులు కొట్టి, పద్దెనిమిది చోట్ల గొలుసులు వేలాడే ఇనప బుట్టలు నిలబెట్టి, డిస్క్ గోల్ఫ్ ఆటకి నేల తయారు చేసినవాడు ఆరిన్ పావ్లిక్. సిమెంటు అరుగు మీంచి డిస్కు విసరాలి. ఎక్కడ పడితే అక్కణ్ణించి మళ్ళీ విసరాలి. గొలుసులు గలగలమని బుట్టలో పడేదాకా అదే పని. తక్కువ విసుర్లలో ముగించినవాడు గెలిచినట్టు. వినడానికి పిల్లలాటే. కొండలెక్కి దిగి మోకాళ్ళు విరిగాక తెలుస్తుంది.

పద్నాలుగో బుట్ట ఆరిన్‌కి ప్రాణం. అరుగు కొండ మీద, బుట్ట వాగు అవతల. మధ్యలో రెండు యాష్ చెట్లు ఇంటి గుమ్మానికి అటూ ఇటూ కమ్మీల్లాగా నిలబడి ఉండేవి. డిస్కు ఆ సందులోంచే పోవాలి, తప్పితే ముళ్ళపొద. అందరం దాన్ని గుమ్మం అనేవాళ్ళం. ఆ గుమ్మం కోసమే పక్క రాష్ట్రాల నుంచి కూడా మనుషులు వచ్చి, డిస్కులు పోగొట్టుకుని, ఆరిన్ని తిట్టుకుంటూ పోయేవాళ్ళు. ఆ తిట్లు వింటుంటే అతని మొహం వెలిగిపోయేది.

తరవాత పచ్చపురుగు వచ్చింది. బెరడు కింద దూరి తినేసే పురుగు. జిల్లాలో ఉన్న యాష్ చెట్లన్నీ నిలబడ్డచోటే చచ్చాయి. పార్కు మనిషి వచ్చి గుమ్మం చెట్లు రెండింటి మీదా నారింజ రంగుతో కొట్టివేత గుర్తు వేశాడు. ఆరిన్ టౌన్ ఆఫీసుకి వెళ్ళి, అక్టోబరులో మా పోటీ అయ్యేదాకా వాటి జోలికి రామని అక్కడివాళ్ళు మాటిచ్చేవరకూ కుర్చీలోంచి లేవలేదు.

“చచ్చిన చెట్లవి, ఆరిన్. ఆకు లేదు, చిగురు లేదు,” అన్నాను, అతని మెడ మీద కత్తెర ఆడిస్తూ.

“చచ్చినా నిలబడే ఉన్నాయిగా. నిలబడ్డంతకాలం ఆటలో ఉన్నట్టే.”

“ఎవరి నెత్తినో పడితే?”

“చిన్నప్పట్నించీ నీ నోటి కింద తల పెడుతున్నాను. నాకేమయింది?”

“నవ్వులాట కాదు.”

“గుమ్మం పీకేస్తే అది ఇల్లు కాదు ఇర్మా, సంత. ఎవడు పడితే వాడు విసిరేస్తాడు.”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి. నేనూ ఆరిన్నీ ఒకే బడిలో చదివాం, అప్పుడూ అంతే.

ఆరిన్ పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు ఒకరోజు తన కొడుకు కోడీని అతని వాకిట్లో దించి, వారంలో వస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. వంట రాని మనిషి వంట నేర్చుకున్నాడు. పిల్లాడు రాత్రుళ్ళు ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక పగలు అడవిలోకి తీసుకుపోయి డిస్కు విసరడం నేర్పాడు. మొట్టమొదట కొనిచ్చింది నారింజ రంగు డిస్కు. మా దగ్గర ప్రతి డిస్కు వెనకా పేరు, ఫోను నంబరు రాసుకుంటాం. ఎవరికి దొరికినా ఫోను చేసి తిరిగి ఇవ్వాలి, అది మా ఆటలో మర్యాద. కోడీకి అప్పుడు ఫోనెక్కడిది? అందుకని వాడి పేరు రాసి, కింద తన ఇంటి నంబరు రాశాడు ఆరిన్. కోడీ పెద్దవాడై, కరెంటు పనిలో చేరి, మంచి ఆటగాడని పేరు తెచ్చుకున్నాక కూడా ఆ డిస్కు సంచీలోంచి తీయలేదు.

మా ఆటగాళ్ళ సంఘంలో ప్రతివాడి సంచీకీ ఒక నంబరు బిళ్ళ వేలాడుతుంది. ఆటలో గెలిచినవాడు ఓడినవాడి మంచి నంబరు లాక్కుంటాడు. ఒకటో నంబరు బిళ్ళ ఏళ్ళ తరబడి ఆరిన్ సంచీకే ఉంది. దాన్ని మామ దగ్గర గెలుచుకోవాలన్నది కోడీ ఆశ. అక్టోబరు పోటీ రోజు పద్నాలుగో అరుగు దగ్గరికి వచ్చేసరికి కోడీ ఒక్క విసురు ముందున్నాడు. మాతో నాలుగోవాడు ల్యూథర్ బూన్, ఒళ్ళు బరువు, నోరు తేలిక.

“బిళ్ళ ఇప్పుడే విప్పి చేతిలో పెట్టుకో మావయ్యా, మళ్ళీ నీ ముసలి వేళ్ళు వణుకుతాయి,” అన్నాడు కోడీ.

“ముందు గుమ్మం దాటరా. దాటాక మాట్లాడు.”

“దీంతోనే దాటతా చూడు.” నారింజ డిస్కు తీశాడు.

“ఆ పాత పళ్ళెంతోనా? దాంట్లో మా కుక్క కూడా తిండి తినదు,” అన్నాడు ల్యూథర్.

కోడీ విసిరాడు. డిస్కు బాగానే లేచింది, చివర్లో కుడికి ఒరిగింది. కుడి చెట్టు పైకొమ్మల పంగలో టక్కుమని ఇరుక్కుపోయింది.

ఆ ఒక్కటీ పోతే పోయిందని చెట్టు కింద నుంచి ఇంకో డిస్కు విసరొచ్చు. నియమం అదే. కానీ చెట్టెక్కిన డిస్కుని వదిలేసి పోయే ఆటగాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పోటీ ఆపేస్తాం, కర్రలు విసురుతాం, రాళ్ళు విసురుతాం, ఆ కర్రలు ఇరుక్కుంటే వాటి కోసం ఇంకో కర్ర. చివరికి చెట్టు పట్టుకుని ఊపుతాం. అందరం చేసేదే.

“పోనీ మావయ్యా, తర్వాత చూద్దాం. ఇప్పుడు ఆట నాది,” అన్నాడు కోడీ.

“ఆ డిస్కు నీ బిళ్ళ కంటే పెద్దదిరా.” ఆరిన్ అప్పటికే దిగి వెళ్ళి కుడి చెట్టుకి భుజం ఆనించాడు.

“ఊపకు ఆరిన్!” అన్నాను.

“ఈ చెట్టు నాకు తెలుసు.”

డిస్కు ఎటు పడుతుందో చూద్దామని కోడీ ఎడమ చెట్టు కిందకి వెళ్ళి, తలెత్తి నిలబడ్డాడు. ఊపేది కుడి చెట్టు కాబట్టి అక్కడ భయం లేదనుకున్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. కానీ పైన రెండు చెట్ల తలలనీ అడవిద్రాక్ష తీగ కలిపి కట్టేసి ఉంది. ఆరిన్ ఊపిన ఊపుకి తీగ లాగింది. ఎడమ చెట్టు తల విరిగి, చప్పుడు మా చెవిన పడేలోపే వాడి మీద పడింది.

కోడీ మళ్ళీ మాట్లాడలేదు. ఆరిన్ ఆ కొమ్మని ఒక్కడే ఎత్తబోయాడు, మేమిద్దరం కలిస్తే గానీ కదల్లేదు. అంబులెన్సు కొండ కిందే ఆగిపోయింది. వాళ్ళు నడిచి పైకి వచ్చేదాకా ఆరిన్ “లేరా, ఆట నీదే, లేరా” అంటూనే ఉన్నాడు. బిళ్ళ ఎప్పుడు విప్పాడో, వాడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూస్తున్నాడు. వేళ్ళు విచ్చుకుంటూనే ఉన్నాయి. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను.

విరిగిన చెట్టుని మర్నాడే కొట్టేశారు. కుడి చెట్టు మిగిలింది. దాని పంగలో నారింజ డిస్కు అలాగే ఉంది.

అంత్యక్రియలయ్యాక సంఘమంతా ఫైర్ స్టేషన్ హాల్లో కూడింది. ల్యూథర్ ఏడుస్తూ లేచాడు. “ఆ చెట్టు ఉంచాలి. వాడు ఆఖరిసారి విసిరిన డిస్కు దాని మీదుంది. వాడి గుర్తుగా ఉంచాలి.” అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“బుద్ధుందా మీకు? దాని జోడీయేగా వాణ్ణి చంపింది!”

“చుట్టూ తాడు కడదాం ఇర్మక్కా. బోర్డు పెడదాం.”

“తాడు చూసి ఆగే జాతేనా మనది?”

ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ ఆరిన్ వైపు చూశారు. అతను ఉంచాలని చెయ్యెత్తాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళతో తగువెందుకని టౌన్ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. బయట కారు దగ్గర అతన్ని పట్టుకున్నాను.

“ఎందుకు చెయ్యెత్తావు?”

“అది నిలబడి ఉన్నంతవరకూ జరిగింది ప్రమాదం,” అన్నాడు, నా మొహం చూడకుండా.

“పడగొడితే?”

“పడగొడితే, ముందే పడగొట్టాల్సిందని ఒప్పుకున్నట్టు. అప్పుడు వాణ్ణి చంపింది నేను.”

నా కారెక్కి ఇంటికి పోయాను.

ఆ ఆదివారం మావాళ్ళు తాడూ కట్టారు, బోర్డూ పెట్టారు. తర్వాత, మా జాతికి మాత్రమే తట్టే పని ఒకటి చేశారు. ఒక్కొక్కరూ తమ మంచి డిస్కు ఒకటి తీసి, కోడీకి తోడుగా ఉండాలని ఆ చెట్టు మీదికి విసిరి ఇరికించారు. ఎర్రవీ పచ్చవీ, క్రిస్మసుకి కట్టిన తోరణాల్లాగా కాదు, శవం మీద వేసిన పూలలాగా ఉన్నాయవి నా కళ్ళకి.

ఆరిన్ దుకాణానికి రావడం మానేశాడు. ఆడటమూ మానేశాడు. మార్చిలో నేనే కత్తెర, క్యాబేజీ నూడుల్సు గిన్నె పట్టుకుని వాళ్ళింటికెళ్ళాను. వంటింట్లో కూర్చోబెట్టి, మెడకి దుప్పటి చుట్టి, సగం తల కత్తిరించానో లేదో గోడ ఫోను మోగింది. ఆరిన్ దుప్పటితోనే లేచి ఎత్తాడు. ఆ పాత ఫోనులో అవతలి గొంతు గదంతా వినిపిస్తుంది.

“కోడీ అనే ఆయన ఉన్నారాండీ?” ఎవరో ఆడమనిషి, హుషారుగా ఉంది.

“ఎవరు మీరు?” అన్నాడు ఆరిన్.

“ఆయన డిస్కు దొరికిందండీ, నారింజది. గాలికి పడినట్టుంది. మేము పొరుగూరి నుంచి ఆడటానికి వచ్చాం. ఇక్కడ చెట్టు నిండా డిస్కులేనండీ! పాపం ఎవరెవరివో. మావారు తాడు దాటి వెళ్ళి ఊపుతున్నారు. పడ్డవాటికన్నిటికీ ఫోన్లు చేసేస్తాం.”

“ఆపమను!” ఆరిన్ అరిచిన అరుపుకి నా చేతిలో కత్తెర జారింది. “ఆ చెట్టు వదలమను! వెనక్కి రమ్మను! నువ్వూ పరిగెత్తు, పరిగెత్తమ్మా!”

అటువైపు ఏమీ వినపడలేదు. ఆరిన్ ఫోను చెవికి అదిమిపెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

“వచ్చేశారండీ,” అందామె చివరికి. గొంతులో హుషారు పోయింది. “ఏమైందండీ? ఎందుకలా అరిచారు?”

“ఆ డిస్కు అక్కడే, అరుగు మీద పెట్టి వెళ్ళిపోండి,” అని ఫోను పెట్టేశాడు.

దుప్పటి మెడకి ఉండగానే షెడ్డులోకి వెళ్ళి రంపం మిషను తీశాడు. ఒకవైపు జుట్టు పొట్టి, ఒకవైపు పొడుగు. వద్దని ఒక్కమాట అనలేదు నేను. కారు తీశాను.

ఆరిన్ నన్ను అరుగు మీదే నిలబెట్టాడు. ముందు చెట్టు చుట్టూ తిరిగి, తీగలన్నీ మొదలంటా నరికాడు. తర్వాత రంపం పెట్టాడు. కష్టపడాల్సిన పనే రాలేదు. చెట్టు వాగులోకి ఒరిగి పడింది, డిస్కులు మంచు మీద చెల్లాచెదురయ్యాయి. నేను దిగి వెళ్ళేసరికి మోడు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గోరుతో బెరడు లేపుతున్నాడు. పొరలుపొరలుగా ఊడొచ్చింది. లోపలంతా పురుగు నడిచిన దారులు, పొడి.

“ఏప్రిల్లో కూడా ఇలాగే గీకి చూశాను,” అన్నాడు. “ఇలాగే ఊడింది. మట్టి పూసి మూసేశాను, పార్కువాళ్ళు చూడకుండా.”

నేను చెప్పానుగా అనే మాట నా నోట్లో ఆర్నెల్లుగా ఉంది. ఇప్పుడు అది నాలుక మీదికి రాలేదు. మంచులో అతని పక్కన కూర్చున్నాను.

డిస్కులన్నీ ఏరి ఇంటికి తెచ్చాం. ఆరిన్ వాటిని బల్ల మీద పేర్చుకుని, వెనక రాసిన నంబర్లకి ఒక్కొక్కదానికీ ఫోను చేశాడు. మొదటిది ల్యూథర్‌ది.

“నీ డిస్కు దొరికింది, వచ్చి తీసుకుపో,” అన్నాడు. “చెట్టు కొట్టేశాను. లోపల పుచ్చి పొడైందని నాకు ఏప్రిల్లోనే తెలుసు.”

అవతల ల్యూథర్ ఏదో అంటున్నాడు. ఆరిన్ ఆగలేదు, పెట్టేసి రెండో నంబరు తిప్పాడు. అందరికీ అవే మాటలు, ఒక్కటీ తగ్గించకుండా. కొందరు ఏడ్చారు. ఒకడు తిట్టాడు. తిట్టినంతసేపూ విని, “అవును” అన్నాడు.

చివరికి బల్ల మీద నారింజది ఒక్కటే మిగిలింది. తిప్పి చూశాడు. దాని వెనక ఉన్నది అతని నంబరే. కాసేపు ఫోను చేతిలోనే ఉంచుకుని, తర్వాత గోడకి తగిలించాడు. వచ్చి కుర్చీలో కూర్చుని తల వంచాడు.

“మిగతాది కత్తిరించు, ఇర్మా,” అన్నాడు.